పిలిచి, గుమ్మం వైపు చూసే మనిషి

ఆయన పిలిస్తే చచ్చినవాళ్ళు కూడా లేచి వస్తారని ఆ వరండాలో ఒక వేళాకోళం ఉండేది. టీ కొట్టు మనిషి అనేవాడు. కాగితాలు పట్టుకుని బెంచీల మీద కూర్చున్న మేమూ అనేవాళ్ళం. నవ్వాల్సిన మాట కాదు గానీ, అక్కడ కూర్చునేవాళ్ళకి నవ్వడానికి ఇంకేం దొరుకుతుంది.

రాష్ట్ర హక్కుల కమిషన్ అని దానికి పెద్ద పేరు. మేం హక్కుల ఆఫీసు అనేవాళ్ళం. కలకత్తాలో ఆ ఆఫీసు పెట్టి అప్పటికి మూడు నాలుగేళ్ళే. పోలీసులు కొట్టినా, ఠాణాలో మనిషి పోయినా, జైల్లో పెట్టి మరిచిపోయినా అక్కడ అర్జీ పెట్టుకోవచ్చని చెప్పుకునేవారు. ఆ అర్జీలు తీసుకునే బల్ల ఆయనది. అందరూ బడొబాబు అనేవారు, పెద్ద గుమాస్తా అని. నేనూ అదే అన్నాను. పన్నెండేళ్ళు అదే అన్నాను.

మిగతా ఆఫీసుల్లో అర్జీ పెట్టినవాళ్ళ పేరు పిలుస్తారు. ఈయన పోయినవాళ్ళ పేరు పిలిచేవాడు. పదకొండు కాగానే రిజిస్టరు చంకలో పెట్టుకుని తన గది బయటికి వచ్చి, "ఫలానా మనిషి తాలూకు ఎవరు?" అనేవాడు. పిలిచి బెంచీల వైపు చూసేవాడు కాదు. మెట్లెక్కి వరండాలోకి వచ్చే గుమ్మం ఒకటి ఉంది, దాని వైపు చూసేవాడు. ఒక్క గుక్క నీళ్ళు తాగేంతసేపు. అప్పుడు ఇటు తిరిగి, లేచి నిలబడ్డ ముసలమ్మనో, చంటిపిల్ల తల్లినో లోపలికి రమ్మనేవాడు.

ఎందుకలా చూస్తాడో టీ కొట్టు మనిషి నాకు చెప్పాడు. ఆఫీసు పెట్టిన కొత్తలో ఒక తల్లి, తన కొడుకుని పోలీసులు పట్టుకుపోయి మాయం చేశారని అర్జీ పెట్టిందట. మూడో వాయిదా రోజున బడొబాబు ఆ కొడుకు పేరు పిలిస్తే, మెట్లెక్కుతూ ఒకడు "నేనే" అన్నాడట. వాణ్ణి ఏదో దూరపు జైల్లో పెట్టి ముందురోజే వదిలారు. ఇంటికి వెళ్తే అమ్మ లేదు, వెతుక్కుంటూ వచ్చాడు. బడొబాబు చంకలో రిజిస్టరు కింద పడింది. తేరుకున్నాక వాణ్ణి తిట్టాడట, "ఇప్పుడా రావడం? రెండు వాయిదాలు దాటిపోయాయి" అని. ఆ రోజు నుంచి ఎవరి పేరు పిలిచినా ముందు గుమ్మం చూస్తాడు.

"మళ్ళీ ఎవరైనా వచ్చారా?" అని అడిగాను.

"ఇంకా రాలేదు దిదీ" అన్నాడు టీ కొట్టు మనిషి. రారు అనలేదు.

మా ఆయన మునిసిపాలిటీ పని. పొద్దున్నే చీపురు, చేతిబండి పట్టుకుని వెళ్ళిన మనిషిని దారిలో పోలీసులు పట్టుకున్నారు. వార్డులో మురుగు కాలవల మీద ఇనప మూతలు పోతున్నాయట. మూడో రోజు ఆస్పత్రి శవాల గదిలో చేతి మీద పచ్చబొట్టు చూసి పోల్చుకున్నాను. వీపు కూడా చూశాను. ఆ వీపు సంగతి చెప్పను. మా పేట పార్టీ బాబు మాట సాయం చేసి శవాన్ని ఇప్పించాడు. ఇప్పించి, "దీన్ని పెద్దది చెయ్యకు. ప్రభుత్వం మనదే కదా, మనం చూసుకుంటాం" అన్నాడు. ఎర్రజెండా రోజులు. మొగుడూ పెళ్ళాల తగువు నుంచి కుళాయి దగ్గర కొట్లాట దాకా అన్నీ పార్టీ ఆఫీసులోనే తేలేవి. నాది మాత్రం తేలలేదు. ఆరు నెలలు తిరిగాను. అప్పుడు మా లైనులో, అంటే మా తెలుగువాళ్ళ కోటర్ల వరసలో, పని చేసే నర్సమ్మ హక్కుల ఆఫీసు దారి చెప్పింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తరువాతిది అర్థం కాదు. ఆ ఉద్యోగం మా ఆయనది కాదు. మా చిన్నాన్నది. చిన్నాన్నకి కాళ్ళు పడిపోయాయి, ఛాతీ జబ్బు. ఉద్యోగం వదిలితే కోటరు పోతుంది, ఆ ఒక్క గదిలోనే ఆయనా, చిన్నమ్మా, మేమూ, మా ఇద్దరు ఆడపిల్లలూ. అందుకని చిన్నాన్న కార్డు పెట్టుకుని, చిన్నాన్న పేరు మీద మా ఆయన తొమ్మిదేళ్ళు పని చేశాడు. దీన్ని బద్లీ అంటారు. మా లైనులో ఇది దొంగతనం కాదు, ఆనవాయితీ. సగం చీపుర్లు అలాగే నడిచేవి. పోలీసులు పేరు అడిగితే మా ఆయన కార్డులో పేరే చెప్పాడు. దెబ్బలు తింటూ కూడా అదే చెప్పాడు. ఆయనతో పాటు ఠాణా గదిలో ఉన్న రిక్షావాడు తరువాత నాకు చెప్పాడు.

నేను మొదటిసారి వెళ్ళిన రోజు బడొబాబు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. వినేటప్పుడు అలా చేస్తాడు. కళ్ళు పని చేస్తుంటే చెవులు బద్ధకిస్తాయనేవాడు.

"ఏం జరిగిందో తరువాత చెప్పు మా. ముందు మనిషి పేరు చెప్పు." ఏ ఆడమనిషినైనా అమ్మా అన్నట్టు 'మా' అనేవాడు.

"గురువులు" అన్నాను. అది మా చిన్నాన్న పేరు. నిజం చెప్తే కోటరు పోతుందని భయం. పోలీసుల దగ్గర ఆ పేరే ఉంది కదా, పేర్లు కలవకపోతే అర్జీ చెల్లదేమోనని కూడా అనుకున్నాను.

"మళ్ళీ చెప్పు." ఎవరి చేతైనా పేరు రెండుసార్లు చెప్పించేవాడు.

"గురువులు."

"మీ ఆయనేనా?"

"ఔను బాబూ."

కళ్ళద్దాలు కిందికి దించి నన్ను చూశాడు. కలం మూత పెట్టాడు.

"మా నాన్న పేరు మధు" అన్నాడు. "మా అమ్మ చచ్చేదాకా ఆ పేరు నోట పలకలేదు. దగ్గుకి తేనె కావాలంటే ఈగల పులుసు తెమ్మనేది. ఇంటికొచ్చిన అల్లుడు ఆ మాట విని తినకుండా వెళ్ళిపోయాడు. మీ లైను నుంచి ఈ బల్ల దగ్గరికి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. ఒకావిడ పక్కనున్నావిడ చేత చెప్పించింది. ఒకావిడ కార్డు చూపించింది. ఇంకొకావిడ గంటసేపు ఏడ్చింది గానీ చెప్పలేదు. నువ్వు మంచినీళ్ళు తాగినట్టు రెండుసార్లు చెప్పావు."

"ఆపీసు కదా బాబూ, అడిగితే సెప్పాల కదా" అన్నాను.

ఆయన "చెప్పింది రాయడం నా పని" అని కలం తీశాడు. నేను చెప్పిందంతా రాసి, వేలు పెట్టి వరసగా చదివి వినిపించాడు. ఆస్పత్రి చీటీ కూడా ఆయనే చదివాడు. అందులో 'పేరు తెలియని మనిషి, రోడ్డు మీద పడి ఉండగా తెచ్చారు' అని ఉందట. ఆరు నెలలు ఆ చీటీని పసుపు గుడ్డలో దాచుకున్నాను, దాని మీద ఆయన పేరు ఉందనుకుని.

నాకు చదువు రాదు గానీ ఖాళీ అంటే తెలుసు. అర్జీలో పేరు రాసిన చోట, దాని కింద ఒక వరస వదిలేశాడు.

"ఇక్కడేటి బాబూ, ఏటీ రాయనేదు?"

"ఉండనీ. కాగితానికీ ఊపిరాడాలి కదా."

వచ్చినట్టు రెండు తెలుగు అక్షరాలు గిలికి సంతకం పెట్టాను. ఇంటికి వచ్చానే గానీ ఆ ఖాళీ వరస నాతోనే వచ్చింది. అన్నం వండుతుంటే కనిపించేది. పిల్లలకి జడ వేస్తుంటే పాపిట అలాగే కనిపించేది.

ఆ తరువాత ఏడాదిపైన తిరిగాను. ఆఫీసు సంగతులు అప్పుడు తెలిశాయి. పైన ఒక రిటైరైన జడ్జి సాహెబు, ఆయన కింద ఇంకో ఇద్దరు. మా కాగితం మీద పోలీసుల్ని రిపోర్టు అడుగుతారు, రిపోర్టు వస్తే చదువుతారు, పిలిచి వింటారు, తప్పనిపిస్తే ప్రభుత్వానికి సిఫారసు రాస్తారు. శిక్ష వెయ్యలేరు. "మా ఆఫీసుకి చెవులున్నాయి, చేతులు లేవు" అనేవాడు బడొబాబు. ఎవరైనా హుజూర్ అని కాళ్ళ మీద పడబోతే, "లే, లే, ఇక్కడ కాళ్ళు కూడా లేవు" అనేవాడు. కాగితం మీద కన్నీళ్ళు పడితే మాత్రం కోపం. "నంబరు చెరిగిపోతుంది. ఏడవడానికి వరండా ఉంది, అక్కడ గాలి కూడా వస్తుంది."

ఆయన అంతకుముందు భూముల ఆఫీసులో ఉండేవాడట. ఈ ఆఫీసు తెరిచినప్పుడు రెండు బల్లలు, ఒక అరువు టైపు మిషను, ఈయన. ఇదేం ఆఫీసో జనానికి తెలీదు. రేషన్ కార్డు కోసం వచ్చేవారు. ఒకాయన పక్కింటి మేక తన కొత్త పంచె తినేసిందని వచ్చాడు. అదీ రాసుకున్నాడట. "మేకకి కూడా నోటీసు పంపుదామనుకున్నాను, చిరునామా లేదు" అని ముఖం కదపకుండా చెప్పేవాడు.

కానీ పదకొండు గంటలకి రిజిస్టరు చంకలో పెట్టుకున్నాడంటే వేరే మనిషి. ఒక్కో పేరూ పిలుస్తుంటే ఆ వరండా నిండిపోయేది. బెంచీ మీద మేం పదిమందిమి ఉంటే, ఇంకో పదిమంది నిలబడి ఉన్నట్టు ఉండేది. నా పక్కనావిడ ఒకరోజు చటుక్కున జరిగి చోటిచ్చింది. ఎవరికి ఇచ్చావని నేను అడగలేదు.

నా వంతు వచ్చినప్పుడు "గురువులు తాలూకు ఎవరు?" అనేవాడు. గుమ్మం వైపు చూసేవాడు కాదు. సూటిగా నన్నే చూసేవాడు. అందరికీ గుమ్మం చూసి, నాకు మాత్రం చూడడు. ఆ గురువులు ఇంట్లో మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడని ఆయనకి తెలిసినట్టే ఉండేది. నేను లేచేదాన్ని, తల వంచుకుని లోపలికి వెళ్ళేదాన్ని. అలా వెళ్ళిన ప్రతిసారీ మా ఆయన వెనకాల మెట్ల దగ్గరే ఉండిపోయినట్టు అనిపించేది. పిలవకపోతే లోపలికి రాడు. బతికున్నప్పుడూ అంతే, పిలవకుండా ఎవరింటి గడపా తొక్కేవాడు కాదు.

చివరికి పోలీసుల రిపోర్టు వచ్చింది. బడొబాబు చదివాడు. గురువులు అనే మునిసిపాలిటీ మనిషి చనిపోలేదు. అతను రోజూ డ్యూటీకి వస్తున్నట్టు హాజరు పట్టీలో వేలిముద్రలున్నాయి. ఈ అర్జీ అబద్ధం, కొట్టేయాలి.

నిజమే. మా ఆయన పోయిన వారానికే మా లైనులో ఇంకొకరు ఆ కార్డు పెట్టుకుని బద్లీకి వెళ్తున్నారు. నా అబద్ధమే పోలీసుల చేతికి తాళంచెవి ఇచ్చింది.

బడొబాబు రిపోర్టు మడిచాడు. నన్ను తిట్టలేదు. అర్జీ తీసి ఆ ఖాళీ వరస మీద వేలు పెట్టాడు.

"పదిహేను రోజుల్లో ఫైలు పైకి వెళ్తుంది. ఇలాగే వెళ్తే మూసేస్తారు. సవరణ పెట్టుకోవచ్చు, నేను సాహెబుతో మాట్లాడాను. ఆ తరువాత నీ ఇష్టం మా."

ఇంటికి వచ్చాను. చిన్నాన్న మంచం మీద ఉన్నాడు.

"ఏటన్నారే ఆ ఆపీసోలు?"

"నువ్వు బతికే ఉన్నావంట. రోజూ డూటీకెల్తన్నావంట."

చిన్నాన్న నవ్వాడు, నవ్వు దగ్గైంది. "నా కాళ్ళకి తెలీకుండా నాను డూటీకెల్తన్నానేటి? గట్టోణ్ణే."

"నవ్వకు" అంది చిన్నమ్మ. "దాని మొగుడి సావు నీ పేరు కింద పడి కనపడకుండా పోనాది." అని నా వైపు తిరిగింది. "అలాగని అసలు పేరు సెప్పేసినావనుకో, బద్లీ బైటపడిపోద్ది. ఉజ్జోగం పోద్ది, కోటరు పోద్ది. ఈ ఆడపిల్లల్ని ఏ పుట్‌పాత్ మీద పడుకోబెడతావే? సచ్చినోడు ఎలాగూ రాడు."

రెండు రోజులు చిన్నాన్న బీడీ ముట్టలేదు. మూడో రోజు నేను అన్నం పెడుతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, ఆడు నా పేరు ఎట్టుకుని దెబ్బలు తిన్నాడు. నా పేరు ఎట్టుకునే పోనాడు. రేపు నాను పోతే నాకేటి మిగులుద్ది? ఏ పేరెట్టి ఏడుస్తారే మీరు? ఎల్లు. ఆడి పేరు ఆడికిచ్చీసి, నా పేరు నాకు తెచ్చీ."

చిన్నమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. వద్దని మాత్రం అనలేదు.

నేను ఒక్కదాన్నే వెళ్ళాను. అక్కడే తప్పు చేశాను. తోడు ఎవరినైనా తీసుకెళ్తే వాళ్ళ చేత చెప్పించేదాన్ని. బడొబాబు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, కలం తీసి కూర్చున్నాడు. నా నోరు తెరుచుకోలేదు. పెళ్ళయిన నాటి నుంచి పలకని మాట అది. ఏవండీ అన్నాను, పిల్లల నాన్న అన్నాను, పేరు అనలేదు. పేరెత్తితే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది. ఇంక తగ్గడానికి ఏముంది, అయినా నాలుక కదల్లేదు.

"బాబూ, నాను సెప్పనేను. మా సిన్నాన్నని ఎలాగో మోసుకొస్తాను, ఆయన సెప్తాడు."

"మిగతా వరసలన్నీ ఎవరు చెప్పినా రాస్తాను" అన్నాడు. "మొదట ఇక్కడ వేరే పేరు చెప్పింది నువ్వు. మార్చేదీ నువ్వే కావాలి. రేపు సాహెబు అడిగితే, ఆమె నోటితో విన్నాను అని నేను అనాలి."

లేచి వెళ్ళి పైన తిరుగుతున్న ఫ్యాను ఆపేశాడు. తలుపు దగ్గరగా వేశాడు. వేసవి. ఫ్యాను రెక్కలు మెల్లగా ఆగాయి. మా ఇద్దరి ఊపిరి వినిపించింది. ఇంకొకరిది కూడా వినిపించిందంటే మీరు నమ్మరు.

చెప్పాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయన మళ్ళీ చెప్పు అనలేదు. ఎవరి చేతైనా రెండుసార్లు చెప్పించే మనిషి, నన్ను ఒక్కసారికే వదిలేశాడు. ఆ ఖాళీ వరసలో రాశాడు. సరిగ్గా సరిపోయింది.

తరువాతి వాయిదాకి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. పదకొండయింది. బడొబాబు బయటికి వచ్చి మొదటి పేరే మా ఆయన పేరు పిలిచాడు. ఇంటిపేరుతో సహా, గట్టిగా. పిలిచి గుమ్మం వైపు చూశాడు.

నేనూ చూశాను. లేవాలని తోచలేదు. పిలిచింది నన్ను కాదు కదా, ఆయన్ని. వస్తాడు, చెప్పులు మెట్ల మీద విడుస్తాడు, అందుకే ఆలస్యం అనుకున్నాను. అంత నమ్మకంగా అనుకున్నాను. వరండాలో అందరూ గుమ్మం వైపే చూస్తున్నారు. టీ కొట్టు మనిషి కెటిలు ఎత్తి అలాగే పట్టుకున్నాడు.

బడొబాబు రెండోసారి పిలవలేదు. మెల్లగా నా దగ్గరికి వచ్చి, "వచ్చాడనే అనుకుందాం మా. పద, నువ్వు లోపలికి రా" అన్నాడు.

రిక్షావాడు సాక్ష్యం చెప్పాడు. చిన్నాన్న రాలేకపోతే ఆఫీసు వాళ్ళే ఇంటికి వచ్చి రాసుకున్నారు. ఆర్డరు వచ్చింది. ఫలానా పేరు గల మనిషి ఠాణాలోనే దెబ్బల వల్ల చనిపోయాడని అందులో ఉంది. ఆ పోలీసుల మీద చర్య తీసుకోమని సిఫారసు. చర్య అంటే వాళ్ళని ఇంకో ఠాణాకి మార్చారని విన్నాను. చేతులు లేని ఆఫీసు అని ఆయన ముందే చెప్పాడు. చిన్నాన్న ఉద్యోగం పోయింది, కోటరు పోయింది. టికియాపారాలో రైల్వే పని చేసే మా చెల్లెలి మొగుడి పంచన చేరాం. చిన్నాన్న అక్కడే రెండేళ్ళకి పోయాడు. ఆయన పేరు పెట్టి ఏడ్చాం. అది ఆయన పేరే.

అప్పటి నుంచి ఏటా దుర్గాపూజ అయ్యాక, పెద్దలకి పెట్టే విజయ నమస్కారానికి బడొబాబు ఇంటికి వెళ్ళేదాన్ని. రిటైరయ్యాడు. తలుపు తీసి నన్ను చూడగానే మా ఆయన పేరు పిలిచేవాడు, నా భుజం మీంచి వీధిలోకి చూసేవాడు, అప్పుడు లోపలికి రమ్మనేవాడు. కొబ్బరి లడ్డూ పెట్టేవాడు. ఏడాదికి ఒకసారి ఆ పేరు ఒక మనిషి నోట వినడానికే వెళ్ళేదాన్నేమో.

ఈ ఏడు వెళ్తే ఆయన కూతురు తలుపు తీసింది. నాన్న పోయి రెండు నెలలైందని చెప్పింది. గోడ మీద ఫోటో, దానికి దండ. కూర్చోబెట్టి, కొబ్బరి లడ్డూ పెట్టి, టీ కాస్తానని లేచింది.

"ఆఖర్న ఎవరినీ గుర్తుపట్టలేదు పిన్నీ" అంది. "నన్ను కూడా. పదకొండయితే మాత్రం లేచి వరండాలోకి వెళ్ళేవాడు. ఏవేవో పేర్లు పిలిచేవాడు, వరసగా. ఒక్కటీ తప్పేవాడు కాదు. పిలిచి గుమ్మం వైపు చూసేవాడు. ఒకరోజు విసుగొచ్చి నేనే వచ్చానన్నాను. నువ్వు వాళ్ళ తాలూకు కాదు, కూర్చో అన్నాడు." టీ గ్లాసు నా చేతికిచ్చి, "మీ ఆయన పేరు కూడా పిలిచేవాడు. ఎవరూ పలకలేదు" అంది.

గ్లాసు కింద పెట్టాను. పలకాల్సినదాన్ని నేను. టికియాపారాలో బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను.

"అమ్మా, మీ నాన్నగారి పేరేటి?" అని అడిగాను. పన్నెండేళ్ళలో అడగలేదు.

ఆమె చెప్పింది. టీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. నేను లేచి నిలబడ్డాను. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవడం మాలో లేదు. అబద్ధానికి చెప్పిన చిన్నాన్న పేరు వదిలేస్తే, నా జన్మలో నేను అలా నోరు తెరిచి పలికిన మగవాళ్ళ పేర్లు రెండే, ఒక్కొక్కటీ ఒక్కసారే. ఆ రెండూ ఈ కాగితంలో రాయించను.

ఆయన పేరు పిలిచాను. గట్టిగా, ఆయన పిలిచినట్టే. "తాలూకు ఎవరు?" అన్నాను.

వంటింట్లో గ్లాసులు ఆగాయి. కూతురు తడి చేతులతో వచ్చి నా పక్కన నిలబడి, "నేను" అంది.

నేను ఆమె వైపు వెంటనే తిరగలేదు. ముందు గుమ్మం వైపు చూశాను. ఆమె కూడా అటే చూసింది.